చేదు చాక్లెట్ కొనే ముందు

100 గ్రాముల అన్‌స్వీటెన్డ్ చాక్లెట్‌లో చక్కెర 1 గ్రాము ఉంటే గొప్ప. అదీ ఎవరో కలిపింది కాదు, కోకో గింజలో పుట్టుకతో ఉన్నదే. మిగతాదంతా వేయించి, పొట్టు తీసి, వెన్నలా జారేదాకా మెత్తగా నూరిన గింజ. పాలపొడి ఉండదు, ఎసెన్సు ఉండదు. నాలుక మీద పెట్టుకుంటే మొహం ముడుచుకుపోతుంది. అయినా బ్రౌనీలకు, చాక్లెట్ కేకుకు, ఫడ్జ్‌కు ఇంతకు మించిన సరుకు లేదు. తీపి ఎంత ఉండాలన్నది చాక్లెట్ కంపెనీ చేతిలో కాక, కేకు చేసేవాళ్ల చేతిలోనే ఉంటుంది.

దీన్ని ఎంచుకోవడం మామూలు చాక్లెట్ ఎంచుకోవడం కన్నా కష్టం. మిల్క్ చాక్లెట్‌లో గింజ కాస్త నాసిగా ఉన్నా చక్కెర, పాలు, వెనీలా కలిసి దాన్ని కప్పేస్తాయి. ఇందులో కప్పడానికి ఏమీ లేదు. గింజ సరిగ్గా పులియకపోతే ఆ వగరు, ఎండబెట్టేటప్పుడు పొగ తగిలితే ఆ పొగ, వేపుడులో మాడితే ఆ మాడు, అన్నీ నేరుగా కేకు దాకా వచ్చేస్తాయి.

కడప జిల్లా వేంపల్లె లాంటి ఊళ్లో ఈ సరుకు కోసం బయల్దేరితే ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది. పాపాఘ్ని ఒడ్డున, గండి ఆంజనేయస్వామి క్షేత్రానికి దగ్గర్లో ఉన్న ఊరు ఇది. రాయలసీమలో బేకరీ అంటే చాలాకాలం పాటు ఎగ్ పఫ్, దిల్‌పసంద్, కొబ్బరి బన్ను, పైన ఎర్రటి చెర్రీ పెట్టిన క్రీమ్ కేకు. ఇప్పుడు ఇంట్లోనే ఓటీజీ ఓవెన్ పెట్టుకుని, పుట్టినరోజులకు ఆర్డర్ల మీద కేకులు చేసే ఆడవాళ్లు చిన్న ఊళ్లలోనూ ఉన్నారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కూతురు వాట్సాప్‌లో పంపే బ్రౌనీ రెసిపీలో ‘4 ఔన్సుల అన్‌స్వీటెన్డ్ చాక్లెట్’ అని ఉంటుంది. కేకు సామాన్ల షాపులో అడిగితే నల్లటి డార్క్ కాంపౌండ్ స్లాబ్ చేతిలో పెడతారు. రంగు అదే, పేరులో ‘డార్క్’ ఉంది, ఇదే అయ్యుంటుందని తెచ్చుకుంటారు. రెసిపీలో రాసిన చక్కెర మొత్తం పోస్తారు. తీరా కేకు నోరు చెడేంత తియ్యగా వస్తుంది, చాక్లెట్ రుచి మాత్రం ఎక్కడో అడుగున ఉంటుంది. తప్పు చేతిది కాదు, స్లాబుది.

అట్ట వెనకవైపు

ప్యాకెట్ ముందువైపున్న బొమ్మ, బంగారు అక్షరాలు తర్వాత చూసుకోవచ్చు. మొదట చదవాల్సింది వెనక చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా. మన దేశంలో ఆహార ప్యాకెట్ల మీద పదార్థాలను బరువును బట్టి, ఎక్కువున్నది ముందు, తక్కువున్నది చివర వచ్చేలా రాయాలి. అన్‌స్వీటెన్డ్ చాక్లెట్ అయితే ఆ జాబితా ఒక్క మాటతో ముగిసిపోవాలి: కోకో మాస్. కొన్ని కంపెనీలు కోకో లిక్కర్ అని రాస్తాయి, మద్యంతో దానికి ఏ సంబంధమూ లేదు. కొన్ని కోకో బీన్స్ అనే రాస్తాయి. వాటి పక్కన కొంచెం కోకో బటర్, ఐఎన్‌ఎస్ 322 అని రాసే లెసితిన్ ఉన్నా ఫరవాలేదు. జాబితాలో మొదటి పేరు చక్కెర అయితే ఈ పనికి ఆ ప్యాకెట్ పనికిరాదు. ‘హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్’ అనో ‘పామ్ కెర్నెల్’ అనో కనిపిస్తే అది కాంపౌండ్.

కాంపౌండ్‌ను చెడ్డ సరుకని తీసిపారేయడం న్యాయం కాదు. అందులో కోకో బటర్ తీసేసి వేరే వృక్ష కొవ్వు పెడతారు, కోకో రుచి కోసం పొడి కలుపుతారు. కరిగించి కేకు మీద పోస్తే ఏ సాధనా లేకుండా గట్టిపడి మెరుస్తుంది, ధర తక్కువ, ఎండకు కాస్త తట్టుకుంటుంది. పైపూతకు, అచ్చుల్లో పోసే బొమ్మలకు అది సరిపోతుంది. కేకు పిండిలో కలిపితేనే అసలు లోటు బయటపడుతుంది. ఇంకో సంగతి, చాలామంది చెప్పనిది: పామ్ కెర్నెల్ కొవ్వుకూ కోకో బటర్‌కూ పొసగదు. ఖరీదు కలిసొస్తుందని సగం కాంపౌండ్, సగం అసలు చాక్లెట్ కలిపి పైపూత వేస్తే అది మెత్తబడి, కొన్నాళ్లకు తెల్లగా పొరలు తేలుతుంది.

జాబితా తర్వాత కన్ను వేయాల్సింది పోషకాల పట్టిక మీద. 100 గ్రాములకు మొత్తం కొవ్వు 50 నుంచి 55 గ్రాముల మధ్య ఉంటే అది అసలైన అన్‌స్వీటెన్డ్ చాక్లెట్. కోకో గింజ పప్పులో సగానికి పైగా కొవ్వే, కాబట్టి ఈ అంకె తప్పించుకోలేనిది. అమెరికా నిబంధనల్లోనైతే ఈ సరుకులో కోకో కొవ్వు 50 శాతానికి తగ్గకూడదు, 60 శాతానికి మించకూడదు. పట్టికలో కొవ్వు 10, 12 గ్రాములే ఉందంటే అది చాక్లెట్ కాదు, కొవ్వు పిండేసిన కోకో పొడి. కొవ్వు 30 గ్రాములుండి చక్కెర 50 గ్రాములుంటే అది తీపి చాక్లెట్, ముందువైపు ఏం రాసినా సరే. వెనకవైపు ఉన్న ఈ రెండు అంకెలు చదవడం వచ్చినవాళ్లను షాపువాడి మాట, అట్ట మీది బొమ్మ మోసం చేయలేవు.

శాతం విషయంలో ఒక మెలిక ఉంది. ‘99 శాతం’ అని రాస్తే అందులో గింజ నుంచి వచ్చినవన్నీ కలిపి 99 అని అర్థం: నూరిన ముద్ద, విడిగా కలిపిన కోకో బటర్, విడిగా కలిపిన కోకో పొడి. రెండు కంపెనీల 99 శాతం బిళ్లలు ఒకేలా కరగకపోవడానికి కారణం ఇదే. ఒకదానిలో పొడి ఎక్కువ కలిపారు, అది చిక్కగా ఉంటుంది. ఇంకోదానిలో బటర్ ఎక్కువ, అది పలచగా జారుతుంది. అమూల్, లింట్ లాంటి కంపెనీల 99 శాతం బిళ్లలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మిగిలిన ఆ 1 శాతం చక్కెర కేకు కొలతలో లెక్కకు రాదు, అన్‌స్వీటెన్డ్ అని రాసిన చోట వాటిని ధైర్యంగా వాడుకోవచ్చు. కాకపోతే కొవ్వు అంకె చూసుకునే.

‘షుగర్ ఫ్రీ’ అని రాసినది మాత్రం ఇది కాదు. ఇంట్లో పెద్దవాళ్లకు షుగర్ ఉందని చాలామంది ఆ ప్యాకెట్ తెచ్చి కేకులో వేస్తారు. అందులో చక్కెర బదులు మాల్టిటాల్ లాంటి తీపి పదార్థం ఉంటుంది. అది తియ్యగానే ఉంటుంది, రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది కూడా, ఎక్కువ తింటే కడుపు పాడవుతుంది. అన్‌స్వీటెన్డ్‌లో తీపి అన్నదే లేదు. అలాగని అన్‌స్వీటెన్డ్ చాక్లెట్‌తో చేసిన కేకు షుగర్ ఉన్నవాళ్లకు మంచిదని ఆర్డర్ ఇచ్చినవాళ్లకు చెప్పకూడదు. రెసిపీలో ఆ తర్వాత పోసే చక్కెర ఎక్కడికీ పోదు.

లేబుల్ చదవడం ఈ రెండు మూడేళ్లలో మరింత అవసరమైంది. 2023 మొదట్లో న్యూయార్క్ మార్కెట్‌లో టన్ను కోకో 2,600 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. ప్రపంచ కోకోలో సగానికి పైగా పండించే ఐవరీ కోస్ట్, ఘనా దేశాల్లో వానలు గతి తప్పి, చెట్లకు తెగుళ్లు తగిలి పంట పడిపోయింది. 2024 డిసెంబరులో ధర 12 వేల డాలర్లు దాటింది. ముడిసరుకు ధర అంత పెరిగితే కంపెనీలు కోకో తగ్గించి వేరే కొవ్వు పెంచుతాయి. బ్రిటన్‌లో దశాబ్దాలుగా అమ్ముడయ్యే పెంగ్విన్, క్లబ్ బిస్కెట్లలో కోకో అంత తగ్గిపోయింది కాబట్టే 2025లో వాటిని చాక్లెట్ బిస్కెట్లు అనడం మానేసి, ‘చాక్లెట్ రుచి’ అని రాయాల్సి వచ్చింది. మన దేశంలో చాక్లెట్‌లో కోకో బటర్ కాకుండా వేరే వృక్ష కొవ్వు 5 శాతం దాకా కలపడానికి అనుమతి ఉంది, ఆ సంగతి లేబుల్ మీద రాయాలన్న షరతుతో. ఆ వాక్యం ఎక్కడుందో వెతికి చదవాలి.

గింజ ఎక్కడిది

వేంపల్లె షాపులో దొరకని ఈ సరుకుకు మూలమైన గింజ ఈ రాష్ట్రంలోనే పండుతుంది. దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. కేరళలో 1960ల్లో క్యాడ్‌బరీ కంపెనీ పూనికతో వ్యాపించిన ఈ పంట తర్వాత గోదావరి జిల్లాలకు వచ్చి, కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతర పంటగా నిలదొక్కుకుంది. ఏలూరు జిల్లా లోపలి ఊళ్లలో కొబ్బరి నీడన, కాండానికే అతుక్కుని పసుపు, ఎరుపు రంగు కాయలు వేలాడే చెట్లు తోటలకు తోటలే ఉన్నాయి. కోకోకు నీడ కావాలి, తేమ కావాలి. అందుకే చీనీ తోటలుండే పులివెందుల వైపు అది రాలేదు, వచ్చే అవకాశమూ తక్కువే.

కాయ పగలగొడితే తెల్లటి తీపి గుజ్జులో 30, 40 గింజలుంటాయి. వాటిని గుజ్జుతో సహా చెక్క పెట్టెల్లో పోసి, అరటి ఆకులో గోనెపట్టాలో కప్పి 5 నుంచి 7 రోజులు పులియబెడతారు. గుజ్జులోని చక్కెర ముందు ఆల్కహాల్‌గా, తర్వాత వెనిగర్ పులుపుగా మారుతుంది. పెట్టెలో వేడి 45, 50 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి, ఆ పులుపుకు గింజ లోపల మొలక చచ్చిపోయి, ఊదా రంగు పప్పు గోధుమ రంగుకు తిరుగుతుంది. చాక్లెట్ రుచి మొదలయ్యేది ఇక్కడ, ఫ్యాక్టరీలో కాదు. పులియని గింజను ఎంత మంచి యంత్రంలో వేయించినా ఆ వాసన రాదు. తర్వాత తేమ 7 శాతానికి దిగేదాకా ఎండబెడతారు. వాన ముసురు పట్టినప్పుడు కట్టెల మంట దగ్గర ఆరబెడితే గింజ పొగ పీల్చుకుంటుంది, ఆ పొగ ఇక వదలదు.

గింజలు కొనేవాళ్లు పిడికెడు తీసి ఒక్కొక్కదాన్ని నిలువుగా కోసి చూస్తారు. లోపల గోధుమ రంగులో, ముడతలు ముడతలుగా విడిపోయి ఉంటే బాగా పులిసింది. పలక రంగులో గట్టిగా ఉంటే అసలు పులవలేదు. ఊదాగా ఉంటే మధ్యలో ఆపేశారు. చాక్లెట్ బిళ్ల కొనే మనిషికి ఈ గింజ చూసే అవకాశం లేదు. కానీ ఆ పని ఎవరు చేశారో, ఎక్కడ చేశారో అట్ట మీద చెప్పే కంపెనీని ఎంచుకునే అవకాశం ఉంది.

అలాంటి పనికి తెలుగునాట మంచి ఉదాహరణ ఏలూరు జిల్లా తడికలపూడి. చైతన్య ముప్పాల ఆధ్వర్యంలోని డిస్టింక్ట్ ఆరిజిన్స్ సంస్థ అక్కడి చుట్టుపక్కల రైతుల దగ్గర గింజలు తీసుకుని, పులియబెట్టడాన్ని, ఎండబెట్టడాన్ని తన చేతుల్లోనే ఉంచుకుంది. ఆ గింజతో చాక్లెట్ చేసే మనం చాక్లెట్ 2023 ఆగస్టులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో తలుపులు తెరిచింది. 2024లో టైమ్ పత్రిక ప్రకటించిన ప్రపంచంలోని గొప్ప ప్రదేశాల జాబితాలో ఆ షాపుకు చోటు దక్కింది. గోదావరి తోటల గింజ కూడా ప్రపంచ స్థాయి చాక్లెట్ కాగలదని, లోపం గింజలో కాక ఇన్నాళ్లూ దాన్ని పులియబెట్టిన తీరులో ఉందని ఈ ప్రయత్నం చూపించింది. ఆరోవిల్‌లోని మేసన్ అండ్ కో, మైసూరులోని నావిలూనా లాంటి చిన్న తయారీదారులు కూడా దక్షిణాది గింజతోనే పని చేస్తున్నారు.

ఇలాంటి చిన్న తయారీదారులు ప్రపంచమంతా గింజ నూరడానికి వాడే యంత్రం మన ఇళ్లలో ఇడ్లీ పిండి రుబ్బే వెట్ గ్రైండరే. కోయంబత్తూరు గ్రైండర్లలో మోటారును గట్టిపరచి, రాళ్లను రోజుల తరబడి ఆగకుండా తిరిగేలా మార్చి, అమెరికా, యూరప్ గ్యారేజీల్లో చాక్లెట్ చేస్తున్నారు. వేంపల్లెలో పట్టుదల ఉన్న మనిషి ఎవరైనా ఏలూరు నుంచి పులియబెట్టిన ఎండు గింజ తెప్పించుకుని, వేయించి, పొట్టు చెరిగి, అలాంటి గ్రైండరులో ఒక రోజంతా తిప్పితే తన సొంత అన్‌స్వీటెన్డ్ చాక్లెట్ తయారు చేసుకోవచ్చు. మామూలు ఇంటి గ్రైండరుతో ఆ పని చేయబోతే మోటారు కాలిపోతుంది.

గింజ కొనదలచినవాళ్లు ధర గురించి కూడా కొంత తెలుసుకోవాలి. 2024 వేసవిలో కిలో ఎండు గింజలు వెయ్యి రూపాయల దాకా పలికాయి. మరుసటి ఏడాది ధర సగానికి పడిపోయి, గిట్టుబాటు కోసం కోకో రైతులు రోడ్డెక్కారు. చౌకగా దొరికిందని పులియని గింజ కొంటే రైతుకూ మేలు లేదు, కేకుకూ మేలు లేదు. బాగా పులియబెట్టిన గింజకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చే కొనుగోలుదారు ఉంటేనే ఆ వారం రోజుల శ్రమ పడడానికి రైతు ముందుకొస్తాడు.

రుచి చూసే పద్ధతి

పెద్ద స్లాబు కొనే ముందు చిన్న బిళ్ల కొని రుచి చూడాలి. నేరుగా కొరికి చూస్తే చేదు తప్ప ఏమీ తెలియదు. 5 గ్రాముల ముక్కను తరిగి, అంతే బరువు పొడి చేసిన చక్కెరతో కలిపి, చెంచాడు వేడి పాలు పోసి కరగనివ్వాలి. రెండు మూడు కంపెనీలవి పక్కపక్కనే ఇలా చేసి చూస్తే తేడా ఇట్టే దొరుకుతుంది. కేకులో చక్కెరతో, పాలతో కలిసినప్పుడు ఎలా ఉంటుందో ఆ చెంచాలోనే తెలుస్తుంది.

చేదును చూసి భయపడకూడదు, చేదు ఉండాలి. వెతకాల్సింది చేదు పోయాక నోట్లో మిగిలేది ఏమిటన్నది. వేయించిన పప్పు రుచి, ఎండుద్రాక్ష లాంటి పులుపు, కాఫీ చాయ మిగిలితే మంచి సరుకు. నాలుక మీద గరుకుగా వగరు పట్టుకుని వదలకపోతే గింజ సరిగ్గా పులియలేదు. ముక్కుకు వెనిగర్ ఘాటు తగిలితే తొందరపడి ఎండబెట్టారు. సరిగ్గా ఆరని వేరుశనక్కాయల మూట విప్పితే కొట్టే బూజు వాసన లాంటిది వస్తే ఆ బిళ్లను పక్కన పడేయాలి, ఓవెన్‌లో ఎంత కాల్చినా ఆ వాసన పోదు. నల్లగా నిగనిగలాడే రంగును చూసి మురిసిపోవడం కూడా మంచిది కాదు. ఎక్కువ వేయించినా, క్షారం కలిపినా రంగు నలుపెక్కుతుంది. మంచి అన్‌స్వీటెన్డ్ చాక్లెట్ చాలాసార్లు ఎర్రటి గోధుమ రంగులోనే ఉంటుంది.

కోకో ఎంత ఎక్కువుంటే అందులో గింజతో పాటు వచ్చే లోహాలూ అంత ఎక్కువ. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2022 డిసెంబరులో 28 డార్క్ చాక్లెట్ బిళ్లలను పరీక్షిస్తే అన్నింట్లోనూ సీసం, క్యాడ్మియం కనిపించాయి. అందులో 23 బిళ్లల విషయంలో రోజుకో ఔన్సు తింటే ఆ సంస్థ పెట్టుకున్న హద్దు దాటుతుందని తేలింది. క్యాడ్మియం నేల నుంచి వేళ్ల ద్వారా గింజలోకి ఎక్కుతుంది. సీసం గింజను ఆరుబయట ఎండబెట్టేటప్పుడు దుమ్ముతో వచ్చి అంటుకుంటుంది. అప్పుడప్పుడు తినే కేకు ముక్కతో బెంగ పడాల్సిన పని లేదు. పసిపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు మంచిదని రోజూ చేదు చాక్లెట్ పెట్టే అలవాటు మాత్రం వద్దు.

ఇంట్లో కుక్క ఉంటే ఈ బిళ్లను దానికి అందని చోట పెట్టాలి. కోకోలోని థియోబ్రోమిన్ కుక్కలకు విషం, అది మిల్క్ చాక్లెట్‌లో కంటే ఇందులో ఎన్నో రెట్లు ఎక్కువ. చిన్న కుక్కకు ఒక ముక్క చాలు ప్రాణం మీదికి తేవడానికి.

దొరకనప్పుడు

అసలు సరుకు దొరకని రోజే ఎక్కువ. అప్పుడు కాంపౌండ్ వైపు చూడకుండా కోకో పొడి వైపు చూడాలి. అన్‌స్వీటెన్డ్ చాక్లెట్‌లో కొవ్వు, పొడి దాదాపు సగం సగం. కాబట్టి 10 నుంచి 12 శాతం కొవ్వున్న కోకో పొడి 55 గ్రాములు, కొవ్వు 45 గ్రాములు కలిపితే 100 గ్రాముల చాక్లెట్‌కు సమానం. చెంచాల లెక్కలో ఒక ఔన్సుకు, అంటే 28 గ్రాములకు, 3 టేబుల్ స్పూన్ల పొడి, 1 టేబుల్ స్పూను నూనె. వెన్న వాడితే అందులో 16 శాతం దాకా నీరుంటుంది, కొంచెం ఎక్కువ వేసుకోవాలి. నెయ్యి సరిపోతుంది గానీ దాని వాసన కోకోను మించిపోతుంది. వాసన లేని రిఫైన్డ్ నూనె, ఉప్పు లేని వెన్న మంచివి.

నిజం చెప్పాలంటే వేంపల్లె ఎండకు ఈ మార్గమే చాలాసార్లు మేలైనది. పొడికి కరిగే భయం లేదు, అన్ని పెద్ద ఊళ్లలో దొరుకుతుంది, నూనెతో చేసిన కేకు రెండో రోజుకు కూడా మెత్తగా ఉంటుంది. కోకో బటర్ చల్లబడితే గట్టిపడే కొవ్వు కాబట్టి అసలు చాక్లెట్‌తో చేసిన బ్రౌనీ దట్టంగా, కొరికితే సాగేలా వస్తుంది. ఆ కొరుకుడు కావాలనుకున్నప్పుడు మాత్రం పొడి చాలదు, బిళ్లే కావాలి.

పొడి కొనేటప్పుడు క్షారం సంగతి చూసుకోవాలి. 1828లో కోకో ముద్దలోంచి కొవ్వు పిండే యంత్రానికి పేటెంటు పుచ్చుకున్న హాలండ్‌లోని వాన్ హౌటెన్ కుటుంబమే, పొడిలో క్షారం కలిపి పులుపు చంపే పద్ధతినీ తెచ్చింది. జాబితాలో ‘ఆల్కలైజ్డ్’ అనో, ఐఎన్‌ఎస్ 500, 501 అనో ఉంటే అది ఆ రకం. అన్‌స్వీటెన్డ్ చాక్లెట్‌లో సహజమైన పులుపు ఉంటుంది. పాత రెసిపీల్లో వంటసోడా ఆ పులుపుతో కలిసి కేకును పొంగిస్తుంది. క్షారం కలిపిన పొడి వాడి, సోడా మాత్రం అలాగే ఉంచితే కేకు సరిగ్గా పొంగదు, పైగా సబ్బు రుచి వస్తుంది. అప్పుడు సోడా తగ్గించి బేకింగ్ పౌడర్ వేసుకోవాలి. క్షారం లేని పొడి దొరికితే ఏ మార్పూ అక్కర్లేదు.

ఇంట్లో 70 శాతం డార్క్ చాక్లెట్ ఉంటే దాంతోనూ పని నడుస్తుంది, కొంచెం లెక్క వేయాలి. అమెరికా బ్రౌనీ రెసిపీల్లో చాలాచోట్ల 4 ఔన్సుల, అంటే 113 గ్రాముల అన్‌స్వీటెన్డ్ చాక్లెట్‌కు 2 కప్పుల చక్కెర, దాదాపు 400 గ్రాములు ఉంటుంది. 70 శాతం చాక్లెట్ 160 గ్రాములు వేస్తే కోకో సరిపోతుంది. దాంతో పాటే 48 గ్రాముల చక్కెర వచ్చి చేరుతుంది. కాబట్టి విడిగా వేసే చక్కెరను 350 గ్రాములకు తగ్గించాలి. పాత అమెరికా పుస్తకాల్లో ‘2 చదరపు ముక్కలు’ అని రాసి ఉంటే ఒక్కో ముక్క ఒక ఔన్సు అని అర్థం. ఇప్పుడు అక్కడ అమ్మే బిళ్లల్లో ముక్కలు చిన్నవయ్యాయి. ముక్కలు లెక్కపెట్టకుండా తూకం వేసుకోవడమే మేలు.

నలభై డిగ్రీల ఊళ్లో

కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కడప జిల్లాలో పగటి వేడి 40 దాటుతుంది, అంటే అలమరలో పెట్టిన బిళ్ల దానంతటదే కరిగిపోతుంది. ఏడాదికి సరిపడా సరుకును నవంబరు, జనవరి మధ్య తెప్పించుకోవడం తెలివైన పని. వేసవిలో కొరియర్‌లో వచ్చినది కరిగి, ఆకారం మారి, మళ్లీ గట్టిపడి చేరుతుంది. దాని పైన తెల్లటి పొర, మచ్చలు కనిపిస్తే చాలామంది బూజు అనుకుని పారేస్తారు. అది బూజు కాదు, కరిగి పైకి తేలిన కోకో బటర్. తీపి చాక్లెట్‌లో చక్కెర కూడా చెమ్మకు పైకి తేలి తెల్లబడుతుంది. ఇందులో చక్కెరే లేదు కాబట్టి ఆ బెడద లేదు. తెల్లబడిన బిళ్లను అలాగే తింటే బాగుండదు గానీ, కేకులో ఎలాగూ కరిగించేదే కదా, రుచిలో ఏ తేడా ఉండదు.

ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు. కాకపోతే కోకో బటర్ పక్కనున్న వాసనలన్నీ పట్టేస్తుంది. అల్లం వెల్లుల్లి ముద్ద, సగం వాడిన ఎర్రగడ్డ, ఊరగాయ జాడీ ఉన్న అరలో పేపరు చుట్టి పెడితే వారంలో చాక్లెట్‌కు ఆ వాసన ఎక్కుతుంది. ముందు అల్యూమినియం రేకు, దాని మీద ప్లాస్టిక్ కవరు, ఆ పైన మూత బిగుసుకునే డబ్బా, ఇలా మూడు పొరల్లో పెట్టాలి. వాడే రోజు డబ్బాను మూత తీయకుండా బయట పెట్టి, గది వేడికి వచ్చాకే విప్పాలి. చల్లటి బిళ్లను వెంటనే విప్పితే గాలిలోని చెమ్మ దాని మీద నీటిచుక్కలై కూర్చుంటుంది.

ఆ నీటిచుక్కలే కరిగించేటప్పుడు కొంప ముంచుతాయి. వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి, అడుగు నీళ్లకు తగలకుండా, సన్నగా తరిగిన చాక్లెట్‌ను 50 డిగ్రీలు దాటకుండా కరిగించాలి. వేలు పెడితే వెచ్చగా ఉండాలి, చుర్రుమనకూడదు. కరిగిన చాక్లెట్‌లో ఒకటి రెండు నీటిచుక్కలు పడితే అది ఉన్నట్టుండి బిగుసుకుని, ఇసక ముద్దలా అయిపోతుంది. పొడిగా ఉన్న కోకో రేణువులు ఆ కాస్త తడికి ఒకదానికొకటి అంటుకోవడం వల్ల అలా అవుతుంది. చెంచా తడిగా ఉన్నా, గిన్నె అంచున ఆవిరి జారినా ఇంతే. అలా ముద్దకట్టిన దాన్ని పారేయక్కర్లేదు. వేడి పాలు కొద్దికొద్దిగా, ఒక్కో చెంచా పోస్తూ కలుపుతూ ఉంటే రేణువులన్నీ తడిసి మళ్లీ విడివడి, నునుపైన చిక్కటి ద్రవమవుతుంది. అది ఇక పైపూతకు పనికిరాదు. కేకు పిండిలో మాత్రం హాయిగా కలిసిపోతుంది, పోసిన పాలను రెసిపీలోని పాలలోంచి తగ్గించుకుంటే సరి.